చేను కొనేముందు కాగితం చదవడం ఎలా: రాయలసీమలో భూమి మాటల అర్థాలు, అడుగడుగునా

మా నాయన పోయిన ఏడాదికి ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచాం. పత్తికొండ వైపు మాకున్న నల్లరేగడి చేను కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. రెండెకరాల ముప్పై ఐదు సెంట్లు. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. అయినా ఆ కాగితాల్లో ఒక్క పేజీ నాకు తిన్నగా అర్థం కాలేదు. చెక్కుబంది, ఫసలీ 1405, సబ్‌డివిజన్, హక్కు విడుదల... ఇవన్నీ ఇంట్లో వింటూ పెరిగిన మాటలే. అర్థం ఎవరినైనా అడిగితే ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్పారు.

ఆ తర్వాత చేను కొలిపించాం. దస్తావేజులో 2.35, రెవెన్యూ లెక్క 1-బిలో 2.35, నేల మీద మాత్రం 2.12. మిగతా ఇరవై మూడు సెంట్లు మేం కొనకముందే రోడ్డు కిందికి పోయాయి. అమ్మినాయన మోసగాడు కాదు. తన పాత దస్తావేజులో ఉన్న విస్తీర్ణాన్నే కొత్తదానిలో దింపించాడు. సర్వే పటం చూసి ఉంటే మా నాయనకు ఆ రోజే తెలిసేది. పటం అనేది ఒకటుంటుందని, దాన్ని అడిగి తీసుకోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి మా బంధువుల్లో ఎవరు చేను కొన్నా, ప్లాటు కొన్నా కాగితాలు ముందు నా దగ్గరికి తెస్తున్నారు. వాళ్లకు చెప్పే వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు తెలియాల్సింది: ఒక్క చేనుకు మూడు ఆఫీసులు

భూమి మాటలు గందరగోళంగా ఉండడానికి అసలు కారణం ఒకటే. ఒకే చేను గురించి మూడు ఆఫీసులు మూడు రకాల లెక్కలు రాస్తాయి. తహసీల్దారు ఆఫీసు ఎవరి పేరు మీద ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు, నేల ఏ జాతిది అని రాస్తుంది. సర్వే శాఖ ఆకారం, కొలతలు, హద్దులు గీస్తుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎవరు ఎవరికి రాసిచ్చారన్నది నమోదు చేస్తుంది. ఏ మాట విన్నా ముందు అది ఏ ఆఫీసుదో తెలుసుకోండి. అడంగల్, 1-బి, పాసు పుస్తకం రెవెన్యూవి. ఎఫ్.ఎం.బి., సబ్‌డివిజన్ సర్వేవి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు రిజిస్ట్రేషన్‌వి. ఒక్కోదాని అర్థం కింద దాని అడుగులో చెబుతాను.

ఒక ఆఫీసు కాగితం ఇంకో ఆఫీసు పని చేయదు. సబ్‌రిజిస్ట్రారు దస్తావేజు రిజిస్టరు చేశారంటే అమ్మినవాడే నిజమైన హక్కుదారని ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదు. పాసు పుస్తకంలో పేరున్నంత మాత్రాన హక్కు పుట్టదు. రెవెన్యూ నమోదు ఒక్కటే హక్కును ఇవ్వదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. "పాసు పుస్తకం ఉంది కదక్కా, ఇంకేం కావాల?" అని మధ్యవర్తి అంటే, మిగతా రెండు ఆఫీసుల కాగితాలు కావాలని చెప్పండి. మూడింటిలో ఉన్నది ఒకదానికొకటి సరిపోవాలి, నేల మీద ఉన్న చేనుకూ సరిపోవాలి.

ఈ పద్ధతి మన దగ్గర కొత్తది కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు వదిలేశాక, దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి చేన్లు కొలిపించి రైతువారీ పద్ధతి తెచ్చాడు. జమీందారు మధ్యలో లేకుండా రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఏర్పాటది. పట్టా, పట్టాదారు అన్న మాటలకు ఇప్పుడు మనం చెప్పుకునే అర్థం ఆ పద్ధతిలో స్థిరపడిందే. శిస్తు ఎవరు కట్టాలో తెలియడానికి పెట్టిన పేరు అది. రెవెన్యూ రికార్డులో పేరుకు, హక్కుకు మధ్య తేడా అక్కడే ఉంది.

మొదటి అడుగు: నంబర్లు, కొలతలు

అమ్మే మనిషిని మొదట అడగాల్సింది ఊరి పేరు, సర్వే నంబరు, సబ్‌డివిజన్, ఖాతా నంబరు. సర్వే నంబరు నేలకు ఇచ్చిన నంబరు. ఖాతా నంబరు మనిషికి ఇచ్చినది. ఒక ఊళ్లో ఒక పట్టాదారుకు ఎన్ని చోట్ల ఎంత భూమి ఉన్నా ఖాతా ఒక్కటే. 214/2బి అని ఉంటే 214 సర్వే నంబరు, 2బి అందులో సబ్‌డివిజన్. 214లో అన్నదమ్ములు ముగ్గురు పంచుకుని, సబ్‌డివిజన్ చేయించకుండా ఎవరి ముక్క వాళ్లు దున్నుకుంటుంటే జాగ్రత్త. మీరు కొనే ముక్క ఎటువైపుదో చెప్పే కాగితం ఇంకా పుట్టలేదన్నమాట.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్.పి. (ల్యాండ్ పార్సెల్, అంటే భూమి ముక్క) నంబర్లు వచ్చాయి. ఎల్.పి.ఎం. అంటే ఆ ముక్క వరకు గీసిన పటం. అలాంటి ఊళ్లో పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసుకోండి, ఎందుకంటే పాత దస్తావేజులన్నీ పాత నంబరు మీదే ఉంటాయి. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు రైతుల భూమి ఒకే ఎల్.పి. నంబరు కింద పడింది. దాన్ని జాయింట్ ఎల్.పి.ఎం. అంటున్నారు. అలాంటిది కొనేముందు విడగొట్టించమని అమ్మేవాళ్లను అడగాలి.

కొలతల్లో గుర్తుంచుకోవాల్సింది తక్కువే. ఎకరానికి 100 సెంట్లు, 4,840 చదరపు గజాలు. సెంటుకు 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. గుంట అంటే 121 గజాలు, రెండున్నర సెంట్లు. హెక్టారుకు సుమారు 2.47 ఎకరాలు. సర్వేవాళ్ల పాత గొలుసు పొడవు 66 అడుగులు. అందుకే 33 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవున్న స్థలం సరిగ్గా ఐదు సెంట్లు అవుతుంది. ప్లాటు కొనేటప్పుడు ఇది చేతిలో ఉంటే మిగతావి మనసులోనే లెక్కేసుకోవచ్చు. అంకణం మాత్రం ఊరిని బట్టి మారుతుంది. ఒకచోట 36 చదరపు అడుగులు, ఇంకోచోట 72. ఎవరైనా అంకణాల్లో చెబితే అడుగుల్లో చెప్పమనండి.

హైదరాబాదు నుంచి వచ్చి మన దగ్గర భూములు చూసేవాళ్లు తరచూ పడే పొరపాటు ఒకటుంది. మన రికార్డులో 2.35 అంటే రెండెకరాల ముప్పై ఐదు సెంట్లు. తెలంగాణలో అదే అంకె రెండెకరాల ముప్పై ఐదు గుంటలు, అంటే మన లెక్కలో 2.87 ఎకరాల పైనే. ధర మాట్లాడేటప్పుడు సెంట్లా గుంటలా అని పైకే అడగాలి.

ఫసలీ అనేది రెవెన్యూ సంవత్సరం. జూలై 1 నుంచి జూన్ 30 దాకా. ఫసలీ అంకెకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మా నాయన కాగితంలోని ఫసలీ 1405 అంటే 1995 జూలై నుంచి 1996 జూన్.

రెండో అడుగు: నేల జాతి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. డబ్బు పూర్తిగా మునిగిపోయేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి.

ఇక్కడ జాతి అంటే మెట్ట, మాగాణి తేడా ఒక్కటే కాదు. మనవాళ్లు చేను, మడి, తోట అంటారు. రికార్డులో మెట్ట, మాగాణి అని ఉంటుంది. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద మాగాణి అని రాసి ఉంటే నీళ్లు ఇప్పటికీ వస్తున్నాయా అని పక్క రైతును అడగండి. కాలువ చివరి భూములకు కాగితం మీద మాగాణి హోదా ఉన్నా ఏళ్ల తరబడి నీళ్లు అందకపోవచ్చు. అయితే దీంతో నష్టం వచ్చేది ధరలో మాత్రమే. అంతకన్నా పెద్దది, ఆ భూమి అమ్మదగినదా కాదా అన్న ప్రశ్న.

పట్టా భూమి అంటే ప్రైవేటు రైతుది. అమ్మొచ్చు, కొనొచ్చు. జిరాయితీ అన్నా ఇదే. 

డి.కె.టి. పట్టా అంటే దరఖాస్తు పెట్టుకుంటే ప్రభుత్వం ఇచ్చిన భూమి. దీన్నే అసైన్డ్ భూమి, డీ పట్టా అని కూడా అంటారు. పేదవాళ్లు సాగు చేసుకుని బతకడానికి ఇచ్చింది. తరతరాలకు వారసులకు పోతుంది గానీ అమ్మడానికి వీల్లేదు. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అలాంటి అమ్మకం చెల్లదు. కొన్నవాణ్ని ఖాళీ చేయించి భూమిని పాత పట్టాదారుకు ఇప్పించే అధికారం రెవెన్యూవాళ్లకు ఉంది. అనంతపురం జిల్లాలో ఇలాంటి భూమి చాలా ఊళ్లలో ఉంది. సగం ధరకు వస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఇదే. "ఇరవై ఏళ్ల నుంచి నా చేతిలోనే ఉంది మామా, అగ్రిమెంటు రాసిస్తా" అంటే ఆ అగ్రిమెంటు మీకు హక్కు ఇవ్వదు.

దీనికి రెండు మినహాయింపులు వినిపిస్తాయి. ఒకటి, 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టాలు. అప్పటి పట్టాల్లో సాధారణంగా అమ్మకూడదన్న షరతు లేదు. ఆ రోజు నుంచే ఆంధ్ర ప్రాంతంలో ఆ షరతు పెట్టారు. అయితే పట్టా ఆ తేదీకి ముందుదని చూపే అసలు కాగితం ఉండాలి, నోటిమాట చాలదు. రెండోది ఫ్రీహోల్డ్. 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కు ఇచ్చే దారి తెరిచారు. 2024లో ప్రభుత్వం మారాక అవకతవకలు జరిగాయని ఆ రిజిస్ట్రేషన్లు ఆపి తనిఖీలు మొదలుపెట్టారు. ఫ్రీహోల్డ్ అన్న మాట వినగానే డబ్బు ఇవ్వకండి. మీరు కొనే రోజున ఆ నంబరు ఏ స్థితిలో ఉందో తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇనాం అంటే పూర్వం గుడికో, మసీదుకో, ఊరి పనులు చేసేవాళ్లకో ఇచ్చిన భూమి. ఆంధ్ర ప్రాంతంలో 1956 చట్టంతో ఇనాములు రద్దై, అర్హులకు రైతువారీ పట్టాలు వచ్చాయి. ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఇనాం మనిషిదా, దేవుడిదా? దేవుడి మాన్యమైతే అది ఎండోమెంట్ భూమి. పూజారి కుటుంబం నాలుగు తరాలుగా దున్నుతున్నా దాన్ని వాళ్లు అమ్మలేరు. కర్నూలు, కడప రెండూ నవాబులు ఏలిన ఊళ్లు. ఆ చుట్టుపక్కల వక్ఫ్ భూముల విషయంలోనూ ఇదే జాగ్రత్త. పాత ఇనాముల లెక్క ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఉంటుంది. బ్రిటిష్ వాళ్లు ఇనాం కమిషన్ వేసినప్పుడు రాసినది. అనుమానం వస్తే ఆ నకలు తీయించాలి.

పోరంబోకు అంటే అందరి అవసరానికి వదిలిన సర్కారు నేల. వాగు, చెరువు, బాట, శ్మశానం అన్నిటి పేర్ల వెనక ఆ మాట చేర్చి రాస్తారు. గ్రామకంఠం అంటే ఊరి ఇళ్లున్న నేల. దానికి విడివిడి సర్వే నంబర్లు సాధారణంగా ఉండవు కాబట్టి అక్కడ ఇల్లు కొనేటప్పుడు అనుభవం, ఇంటి పన్ను, పాత దస్తావేజులు చూస్తారు. ఎ.డబ్ల్యు.డి. అని కనిపిస్తే శిస్తు ఎంతో నిర్ణయించి ఉంచిన మెట్ట బంజరు, అంటే సర్కారుదే. శివాయి జమా అని ఉంటే, ప్రభుత్వ భూమిని ఎవరో ఆక్రమించి సాగు చేస్తున్నారని లెక్క రాసినట్టు. అడంగల్‌లో అనుభవదారు పేరు పక్కన ఈ మాటుంటే ఆ పేరు చూసి మోసపోకండి.

చుక్కల భూములు మన రైతుల్ని ఎంతో ఏడిపించాయి. బ్రిటిష్ కాలంలో శిస్తు మళ్లీ నిర్ణయిస్తూ రీసెటిల్‌మెంట్ రిజిస్టరు రాసినప్పుడు, పట్టాదారు ఎవరో తేలని నంబర్లకు పేరు రాసే చోట చుక్కలు పెట్టారు. తర్వాత ఆ చుక్కల్నే సర్కారు భూమికి గుర్తుగా తీసుకున్నారు. తాతల నాటి నుంచి దున్నుతున్నవాళ్లు కూడా అమ్ముకోలేని స్థితి వచ్చింది. దీన్ని సరిచేయడానికే 2017లో ప్రత్యేక చట్టం తెచ్చారు. మీరు చూసే చేను రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో చుక్కలదైతే, దాన్ని పట్టాగా మార్చిన ఉత్తర్వు నకలు అడగండి.

వీటన్నిటినీ ఒకచోట చూడాలంటే 22-ఎ జాబితా ఉంది. రిజిస్ట్రేషన్ చట్టంలో 2007 సవరణతో వచ్చిన సెక్షన్ ఇది. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నంబర్లన్నీ అందులో ఉంటాయి. అసైన్డ్, సర్కారు, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్‌లో మిగులు తేలిన భూములు, జప్తులో ఉన్నవి, అన్నీ. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఊరి పేరు కొట్టి చూసుకోవచ్చు. నంబరు అందులో ఉంటే ఎందుకు ఉందో తెలియకుండా ఒక్క అడుగు ముందుకు వేయకండి. పొరపాటున చేరిన పట్టా భూములు కూడా ఉన్నాయి, నిజమే. అలాంటప్పుడు దాన్ని తీయించుకోవాల్సిన బాధ్యత అమ్మేవాళ్లది. అది తీరాకే బయానా మాట మాట్లాడండి.

మూడో అడుగు: రెవెన్యూ కాగితాలు

అడంగల్ ఏటా రాసే సాగు లెక్క. గ్రామ లెక్కల్లో మూడో నంబరు. పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, భూమి ఎలా వచ్చింది, ఏ పంట, నీటి ఆధారం ఏమిటి అన్నవి ఇందులో ఉంటాయి. 1-బి అంటే హక్కుల రికార్డు నుంచి తీసిన నకలు. ఒక ఖాతా కింద ఉన్న నంబర్లన్నీ అందులో వస్తాయి. రెండూ మీభూమి వెబ్‌సైటులో దొరుకుతాయి, సంతకం ఉన్న నకలు మీసేవలో తీసుకోవచ్చు. పాసు పుస్తకం 1971 నాటి చట్టం కింద ఇచ్చేది. 1-బిలో ఉన్నదే అందులో ఉండాలి.

చూడాల్సింది అనుభవదారు గడి. అక్కడ పట్టాదారు కాకుండా ఇంకొకరి పేరుంటే ఎవరో కనుక్కోండి. గుత్తకు చేస్తున్నాడా, కోరుకు (పంటలో వాటాకు) చేస్తున్నాడా, లేక తానే కొన్నానంటాడా? ఈ ఏడాది అడంగల్ ఒక్కటే చాలదు, గత పదేళ్లవి తీసి చూడండి. ప్రైవేటు భూమిని ఒకరు యజమానికి వ్యతిరేకంగా, అందరికీ తెలిసేలా, తెరపి లేకుండా 12 ఏళ్లు అనుభవిస్తే హక్కు కోరవచ్చని లిమిటేషన్ చట్టం అంటుంది. బీడు పెట్టి వలస పోయినవాళ్ల భూములు ఎక్కువున్న మన సీమలో ఇది ఊరికే చెప్పుకునే మాట కాదు.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. అంతకుముందు లెక్కలు కొన్నిచోట్ల తప్పిపోయాయి, చెదలు తిన్నాయి. పాత నకలు లేదని ఆఫీసులో అంటే ఆ మాటే రాతలో ఇవ్వమని అడగండి. రేపు కోర్టులో అదీ పనికొస్తుంది.

నాలుగో అడుగు: ఈసీ, లింకు డాక్యుమెంట్లు

ఈసీ అంటే ఆ నంబరు మీద జరిగిన రిజిస్టరు లావాదేవీల చిట్టా. కనీసం 30 ఏళ్లకు తీయండి. ఏ లావాదేవీ లేకపోతే నిల్ ఈసీ వస్తుంది. పేర్లు గొలుసు కట్టాలి. రామయ్య నుంచి సుబ్బన్నకు, సుబ్బన్న నుంచి లక్ష్మమ్మకు అని వచ్చి, ఇప్పుడు అమ్మేది లక్ష్మమ్మ కాకుండా ఇంకొకరైతే మధ్యలో ఒక కాగితం తప్పిపోయిందన్నమాట. ఆ ప్రతి కొక్కేన్నీ చూపే పాత దస్తావేజులే లింకు డాక్యుమెంట్లు.

ఈసీలో కనిపించనివి కూడా ఉన్నాయి. నోటి పంపకాలు, రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, కోర్టులో నడిచే దావాలు, ఊళ్లో తెచ్చిన చేబదుళ్లు ఈసీకి ఎక్కవు. పంట రుణం కూడా అందులో ఉండకపోవచ్చు. అది రెవెన్యూవాళ్ల కంప్యూటరు రికార్డైన వెబ్‌ల్యాండ్‌లో బ్యాంకు ఛార్జీగా నమోదవుతుంది. అందుకే అమ్మేవాళ్ల బ్యాంకు నుంచి నో డ్యూ కాగితం తెమ్మనాలి.

దస్తావేజు పేర్లు కూడా తెలియాలి. క్రయ దస్తావేజు పూర్తి అమ్మకం. విక్రయ అగ్రిమెంటు అమ్ముతానన్న మాట మాత్రమే, భూమి మీది కాలేదు. తనఖా అప్పుకు హామీ. భోగ్యం అంటే అప్పు తీరేదాకా భూమిని అప్పిచ్చినవాడే అనుభవించే ఏర్పాటు. హక్కు విడుదల అంటే ఉమ్మడి ఆస్తిలో ఒకరు తన వాటా వదులుకున్నట్టు రాసిచ్చేది. దాన సెటిల్‌మెంటు అయినవాళ్లకు ప్రేమతో ఇచ్చేది, రాసిన రోజు నుంచే చెల్లుతుంది. వీలునామా రాసిన మనిషి పోయాకే అమల్లోకి వస్తుంది. బతికుండగా ఎన్నిసార్లైనా మార్చవచ్చు కాబట్టి ఆఖరిది ఏదో తెలుసుకోవాలి. జి.పి.ఎ. అంటే ఇంకొకరి తరఫున సంతకం పెట్టే అధికారం. జి.పి.ఎ. మీద అమ్మకం హక్కును బదిలీ చేయదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. జి.పి.ఎ. దారుతో వ్యవహారం అయితే, ఇచ్చిన మనిషి బతికే ఉన్నాడా, రద్దు చేశాడా అన్నది స్వయంగా తెలుసుకోండి.

ఆడబిడ్డ సంతకం

దీనికి విడిగా శీర్షిక పెట్టింది కావాలనే. భూమి స్వార్జితమా పిత్రార్జితమా అన్నది అడగకుండా కొనకూడదు. స్వార్జితమైతే కొన్న మనిషి ఒక్కరి సంతకం చాలు. పిత్రార్జితమైతే వాటాదారులందరూ పెట్టాలి, ఆడపిల్లలతో సహా. మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర సవరణ పెళ్లితో సంబంధం లేకుండా అందరు కూతుళ్లకూ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురికి ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

"మా చెల్లెలికి పెళ్లప్పుడే పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం" అంటారు. అది రిజిస్టరు కాగితంలో ఉందా అన్నదే మీకు కావాలి. అన్నదమ్ములు రాసుకున్న పారికత్తు (పంపకపు కాగితం) రిజిస్టరు కాకపోతే దాని బలం తక్కువ. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించి, అందులో ఉన్న ప్రతి పేరుకూ ఒక సంతకం ఉందో లేదో లెక్కపెట్టండి. మా ఇంటి ఉమ్మడి ఆస్తి విషయంలో మా చిన్నత్త సంతకం కోసం నేను ఆదోని దాకా వెళ్లాను. ఆమె సంతోషంగా పెట్టింది. అంతకుముందు ముప్పై ఏళ్లలో ఆమెను ఎవరూ అడగలేదు.

ఐదో అడుగు: పటం పట్టుకుని చేను మీదికి

ఎఫ్.ఎం.బి. అంటే ఒక సర్వే నంబరు ఆకారం, కొలతలు, హద్దు రాళ్లు చూపే పటం. మాకు ఇరవై మూడు సెంట్ల నష్టం తప్పించగలిగిన కాగితం ఇదే. రోడ్డు కింద పోయిన ముక్కను అందులో వేరే సబ్‌డివిజన్‌గా గీసి ఉంచారు. దాన్ని చేతిలో పెట్టుకుని చేను చుట్టూ నడవండి. రాళ్లు ఉన్నాయా? గట్టు పటంలో గీత వెంటే వెళ్తోందా, పక్కకు జరిగిందా?

చెక్కుబంది అంటే దస్తావేజులో రాసే నాలుగు హద్దులు. తూర్పున ఎవరి చేను, దక్షిణాన ఎవరిది, పడమర, ఉత్తరం. చాలామంది పాత దస్తావేజులో ఉన్న పేర్లనే దింపుతారు. ఇరవై ఏళ్ల క్రితం చనిపోయినాయన పేరు ఇప్పటికీ తూర్పు హద్దుగా ఉంటుంది. ఇప్పుడున్న పక్క రైతుల పేర్లు, సర్వే నంబర్లతో సహా కొత్తగా రాయించండి. అనుమానముంటే హద్దుల కొలతకు ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టవచ్చు. సర్వేయరు వచ్చే రోజు పక్కచేల వాళ్లందరికీ నోటీసు అందేలా చూడండి. వాళ్లు లేకుండా కొలిస్తే తర్వాత గట్టు తగాదా ఆగదు.

బాట సంగతి మరవకండి. చేనుకు వెళ్లే దారి పటంలో ఉందా, లేక పక్కాయన మంచితనం మీద నడుస్తోందా? రెండోదైతే ఆ దారి హక్కు కూడా కాగితం మీదికి రావాలి. అలాగే బోరు. అనంతపురం జిల్లాలో చేను ధరలో సగం బోరుదే అనిపిస్తుంది. అన్నదమ్ముల ఉమ్మడి బోరైతే మీ వంతు నీళ్లు ఎన్ని రోజులు, కరెంటు సర్వీసు ఎవరి పేరు మీద ఉంది, పైపులు ఎవరి చేలోంచి వస్తున్నాయి అన్నవి దస్తావేజులో రాయించండి.

ప్లాటు కొనేవాళ్లకు

పైన చెప్పినవన్నీ ప్లాటుకూ వర్తిస్తాయి, ఎందుకంటే ప్రతి ప్లాటూ ఒకప్పుడు చేనే. దానికి అదనంగా రెండు ప్రశ్నలు. ఒకటి, వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చారా? దీన్ని జనం నాలా అంటారు. ఈ నియమాలు ఈమధ్య మారుతూ వచ్చాయి కాబట్టి కొనే రోజున ఉన్నది అడగాలి. రెండు, లేఅవుటుకు అనుమతి ఎవరిచ్చారు? ఇచ్చేవి పట్టణాభివృద్ధి సంస్థలు: కర్నూలు వైపు 'కుడా', అనంతపురం వైపు 'అహుడా', కడప వైపు అన్నమయ్య పట్టణాభివృద్ధి సంస్థ. వాటి పరిధి బయట డీటీసీపీ, అంటే పట్టణ, గ్రామ ప్రణాళికా శాఖ. "పంచాయతీ అప్రూవల్ ఉంది సార్" అన్నది చాలదు. సాంకేతిక అనుమతి లేకుండా పంచాయతీ తనంతట తాను లేఅవుటు మంజూరు చేయలేదు. లేఅవుటులో పార్కుకు, రోడ్లకు వదిలిన స్థలాన్ని తర్వాత ప్లాట్లుగా కోసి అమ్మడం కూడా జరుగుతుంది. మంజూరైన ప్లానులో మీ ప్లాటు నంబరు ఉందో చూడండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసే లేఅవుటుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. ఎల్.ఆర్.ఎస్. అంటే అనుమతి లేని లేఅవుటును రుసుము కట్టి క్రమబద్ధం చేసుకోవడం. అది హక్కులోని లోపాన్ని సరిచేయదు.

అపార్ట్‌మెంటులో అయితే కార్పెట్ ఏరియా అంటే గోడల లోపల మీరు నిజంగా వాడుకునే చోటు. సూపర్ బిల్టప్‌లో మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కూడా కలుస్తుంది. నేలలో మీకొచ్చే అవిభక్త వాటా ఎన్ని గజాలో దస్తావేజులో అంకెతో ఉండాలి.

ఆఖరి అడుగు: బయానా నుంచి మ్యుటేషన్ దాకా

బయానా ఇచ్చేటప్పుడు అగ్రిమెంటులో మొత్తం ధర, ఇచ్చింది, ఇవ్వాల్సింది, గడువు, కాగితాల్లో లోపం తేలితే డబ్బు తిరిగి ఇవ్వాలన్న మాట రాయించండి. డబ్బు బ్యాంకు ద్వారానే. అవతలివాళ్లు రిజిస్ట్రేషన్‌కు రాకపోతే, గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి. ఆ తర్వాత అగ్రిమెంటు ఉన్నా లాభం లేదు.

మార్కెట్ విలువ అని ఆఫీసులో అంటే అది ప్రభుత్వం నిర్ణయించిన విలువ, ఊళ్లో పలికే ధర కాదు. మీరు రాసే ధర, ఆ విలువ, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద ఖర్చు వేస్తారు. క్రయ దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. పది లక్షలకు మొత్తం 75 వేలు. దస్తావేజు రాసుకున్న నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి. సంతకం పెట్టేముందు షెడ్యూలు పేజీని వేలు పెట్టి చదవండి. ఊరు, నంబరు, సబ్‌డివిజన్, విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఇక్కడ ఒక్క అంకె తప్పైతే సవరణ దస్తావేజు రాయించుకోవాలి, దానికి అమ్మినవాళ్లు మళ్లీ రావాలి.

మ్యుటేషన్ అంటే రెవెన్యూ రికార్డులో పేరు మారడం. రిజిస్ట్రేషన్ కాగానే దానంతట అదే అయిపోతుందని ఊరుకోకండి. కొన్ని వారాలకు మీభూమిలో 1-బి తీసి మీ పేరు, విస్తీర్ణం సరిగా వచ్చాయో చూడండి. ఈసీ కూడా మళ్లీ తీసి మీ దస్తావేజు ఎక్కిందో చూడండి. తర్వాత బోరు సర్వీసు పేరు మార్పించండి.

మా చేనుకు ఇప్పుడు అన్ని కాగితాల్లోనూ 2.12 అనే ఉంది. సవరణ అయ్యేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. హద్దు రాళ్లు కొత్తగా పాతించిన రోజు తూర్పు చేను రైతు, ఉత్తరం చేను రైతు ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. ఆ రోజు తీసిన ఫొటో, ఎఫ్.ఎం.బి. నకలు, చిన్నత్త సంతకం ఉన్న కాగితం మూడూ మా నాయన ట్రంకు పెట్టెలోనే అన్నిటికన్నా పైన పెట్టాను.